పాతతీరు తుపాకియాటలు: వెలయు విలువయు

కంప్యూటరు తెరపై మనుష్యుని నుదుటి చెమటబిందువును సైతము చిత్రింపగల శక్తి శిల్పులకు చేకూరిన యీ కాలమున, కొందఱు ఆ శక్తిని బుద్ధిపూర్వకముగా ప్రక్కకు నెట్టి, మూడు దశాబ్దముల నాటి మోటుబొమ్మలతో, పెద్ద పెద్ద చదరపు చుక్కలతో, నిమేషమాత్రము నిలువనీయని పరుగుతో, కథ పేరునకు మాత్రమే కల తుపాకియాటలను క్రొత్తగా నిర్మించి విక్రయించుచున్నారు. వీనిని రెట్రో షూటర్లని యందురు. వీని వెల అమెరికాలో 20, 25 డాలర్ల దరిదాపున నుండును. మన దేశమునకు రూపాయలలో వేఱుగా నిర్ణయింతురు. ఎంత తగ్గించి నిర్ణయించినను, కామారెడ్డిలో డిగ్రీ చదువుకొను విద్యార్థికి గాని, ఎల్లారెడ్డిలో తండ్రి దుకాణమున కూర్చుండు యువకునికి గాని, అది ఒక నెల ఫోను రీచార్జిని మించిన వ్యయమే. కావున ‘ఇచ్చిన పైకమునకు ఈ ఆట తగునా’ యను ప్రశ్నకు ఇచ్చట నిదానముగా, శ్రద్ధతో సమాధానము చెప్పవలసియున్నది.

ఈ ప్రశ్నకు సాధారణముగా రెండు కొలతలు వాడుకలో నున్నవి. మొదటిది గంటల కొలత: ఇన్ని రూపాయలకు ఇన్ని గంటల యాట వచ్చునా యని భాగహారము చేసి చూచుట. రెండవది పోలిక కొలత: క్రొత్త యాట 1993 నాటి డూమ్‌ను గాని, 1996 నాటి క్వేక్, డ్యూక్ న్యూకెమ్ 3డీలను గాని ఎంత చక్కగా స్మరింపజేయుచున్నదో చూచుట. ఈ రెండును మన ప్రాంతపు కొనుగోలుదారునకు అక్కఱకు రావని నా యభిప్రాయము. ఏలయన, ఈ సీమలో తుపాకియాటల చరిత్ర వేఱు త్రోవన నడచినది. ఆ త్రోవను కొంత విస్తరించి చెప్పనిదే విషయము తేటపడదు.

ఉత్తర తెలంగాణమున, నాటి నిజామాబాదు జిల్లా పల్లెలలో, వాడకొక్కరైనను దుబాయికో మస్కటుకో పనికై పోయినవారు కనబడుదురు. సెలవులకు వారు వచ్చునప్పుడు టేపురికార్డర్లతో పాటు టీవీకి తగిలించి ఆడు వీడియో గేములు కూడ పెట్టెలలో వచ్చెడివి. కొంతకాలమునకు అవి మన పట్టణముల అంగళ్లలోనే దొరకసాగినవి. జపానుదేశపు నింటెండో సంస్థవారి యంత్రమునకు ఎవరెవరో చేసిన చవుక నకళ్లవి. వాని క్యాసెట్లపై 9999 ఆటలు ఇందులో నున్నవని ముద్రించియుండెడిది. పెట్టి చూచినచో, పదియో ఇరువదియో ఆటలే పేర్లు మార్చుకొని, ఒకమాఱు మొదటి ఘట్టమునుండియు, ఇంకొకమాఱు నడిమి ఘట్టమునుండియు ఆరంభమగుచు, పుటలు పుటలుగా మరల మరల వచ్చుచుండెడివి. ఆ వేల సంఖ్యలో పిల్లలు నిజముగా ఆడినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి: మారియో, బాతులను కొట్టు డక్ హంట్, అన్నిటికంటె మిన్నగా కాంట్రా.

డక్ హంట్ కొఱకు ఇచ్చెడి ప్లాస్టిక్ తుపాకి పని విచిత్రమైనది, చెప్పి తీరవలసినది. దానినుండి ఏమియు వెలువడదు. అదియే తెరను చూచును. మీట నొక్కిన క్షణమున తెర యంతయు నల్లబడి, బాతున్న చోట మాత్రము తెల్లని చతురస్రము వెలుగును. గొట్టములోని కాంతిగ్రాహి ఆ తెలుపును పట్టుకొన్నచో బాతు పడును. పాత గాజుగొట్టపు టీవీలు పోయి పలుచని తెరలు వచ్చిన పిదప ఆ తుపాకులు పని మానినవి.

కాంట్రా సంగతి అట్లు కాదు. కోనామి సంస్థవారు 1987లో ఆటశాలల యంత్రములకును, మఱుసటి యేడు ఇంటి యంత్రమునకును దానిని వెలువరించిరి. ఇంటి యంత్రపు కాంట్రాలో ఉన్నవి ఎనిమిది ఘట్టములు, మూడు ప్రాణములు. ఒక్క గుండు తగిలిన ఒక ప్రాణము పోవును. చేయి తిరిగినవాడు దానిని అరగంటకు అటునిటుగా ముగింపగలడు. అట్టి స్వల్పమైన యాటను అన్నదమ్ములిద్దఱు కూర్చుండి వేసవి సెలవులన్నియు ఆడిరి. ఏ చెట్టు చాటున ఎవడు నిలిచియున్నాడో, ఏ పెట్టెలో ఏ తుపాకి కలదో, ఏ మలుపున దుముకవలెనో, ఏ మలుపున పడుకొనవలెనో కంఠస్థమైన పిమ్మటనే దాని రుచి హెచ్చినది. క్యాసెట్టుపై అచ్చు వేసిన సంఖ్య కల్లయై, ఆ ఎనిమిది ఘట్టములు మాత్రము ఒక తరపు వారి చేతులలో నిలిచిపోయినవి. పరిమాణమును చూపి అమ్మువారి మాటను నమ్మరాదని ఇంతకంటె స్పష్టముగా ఏ శాస్త్రము చెప్పగలదు?

2000 తరువాతి కథ నెట్ సెంటర్లది. కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లాకేంద్రమగుటకు చాల ముందే, సికింద్రాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గమును, ఉత్తర దక్షిణములను కలుపు జాతీయ రహదారియు తనగుండ పోవుటచేత, నగరపు వస్తువులను ఎల్లారెడ్డికంటె ముందుగా చూచినది. రైలుదారి లేని ఎల్లారెడ్డికి ఏ క్రొత్త వస్తువైనను కామారెడ్డిలో దిగి, లింగంపేట మీదుగా బస్సులో రావలసినదే. కంప్యూటరు కొనదలచినవారు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి భాగములు కూర్పించుకొని వచ్చెడివారు. వానితో పాటు కొన్ని యాటలు కూడ నిండి వచ్చుట ఆనాటి యాచారము. వానిలో ప్రాజెక్ట్ ఐజీఐ దాదాపుగా తప్పక యుండెడిది.

ఐజీఐ 2000 డిసెంబరులో వెలువడినది. నార్వే దేశపు ఇన్నర్‌లూప్ సంస్థవారి కృతి. యుద్ధవిమానపు టాటకై తాము పూర్వము నిర్మించుకొనిన యంత్రాంగమునే వారు దీనికిని వాడుటచే, ఆనాటి తుపాకియాటలలో అరుదైన విశాలమైన మైదానములు, దూరపు కొండలు దీనియందు కలవు. మొత్తము 14 మిషన్లు. మిషను నడుమ సేవ్ చేయు వీలు లేదు. చివరి కంచె దాటునప్పుడు గుండు తగిలి చచ్చినను మొదటి అడుగునుండి మరల నడువవలసినదే. నెట్ సెంటరులో గంటకింతయని చెల్లించి ఆడు బాలునికి ఈ నియమము ఎంత క్రూరమో, అంత గురువు. సమయము ముగియుచుండగా ‘అన్నా, ఇంకో అర్ధగంట ఆడుకోనియ్యరాదు’ అని యజమానిని బతిమాలుకొను గొంతులు ఆ యిరుకు గదులలో సాయంకాలములందు వినబడుచునే యుండెడివి.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. నెట్ సెంటరులో గంట యనునది ఖర్చునకు కొలతయే కాని ఫలమునకు కొలత కాదు. గంటలు పెరిగినకొలది జేబు తరిగెడిది. అందుచే తక్కువ గంటలలో ఎక్కువ ఆనందము నిచ్చు ఆటనే పిల్లలు కోరుకొనెడివారు. నేడు ఆటను సొంతముగా కొనునప్పుడు అదే గంటను లాభముగా లెక్కించి, నలువది గంటల యాట ఎనిమిది గంటల యాటకంటె ఐదు రెట్లు మేలని భ్రమించుచున్నాము. అద్దెనాటి అలవాటు తలక్రిందులై కొలతగా మిగిలినది. నడువ నక్కఱలేని దూరములు నడిపించి, అవే బొమ్మలను రంగు మార్చి నిలిపి, గంటలను పెంచు ఆట కొనువాని ధనమునే కాక కాలమును కూడ అపహరించుచున్నది.

ఇక పోలిక కొలత. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమునందలి ఇడ్ సాఫ్ట్‌వేర్ వారు 1993 డిసెంబరు 10న డూమ్‌ను విడుదల చేసిరి. అందు మూడు కాండములు. మొదటి కాండమున తొమ్మిది లెవెళ్లు. ఆ కాండమును ఎవరైనను ఉచితముగా ఆడవచ్చును, నకళ్లు తీసి మిత్రులకు పంచవచ్చును. నచ్చినచో 40 డాలర్లు పంపి మిగిలినవి తెప్పించుకొనవలెను. కామారెడ్డి బెల్లపు బజారులో కొనువాడు ముద్దనుండి పలుకు విఱిచి నోట వేసికొని చూచిన పిమ్మటనే ధర మాటలాడునట్లు, మొదట రుచి, పిదప బేరము. ఈ పద్ధతి అమ్మువానిని నిజాయితీపరునిగా చేసినది. మొదటి కాండము బాగుగ లేనిచో రెండవదానిని కొనువాడు ఉండడు గదా.

కాని 1993లో కామారెడ్డి యిండ్లలో కంప్యూటర్లు ఎక్కడివి? డూమ్ ఈ ప్రాంతపు బాల్యములోనికి రానేలేదు. నేడు నలువది దాటిన అమెరికా కొనుగోలుదారుడు రెట్రో షూటరుకు 20 డాలర్లు చెల్లించునప్పుడు, అందు కొంత భాగము తన గత యౌవనమునకు చెల్లించుచున్నాడు. మోటు చుక్కలను చూడగానే అతనికి తన పాత గది, పాత మిత్రులు జ్ఞప్తికి వత్తురు. ఆ సుఖము మనకు అందదు. కాంట్రా ఆడి, ఐజీఐ ఆడి పెరిగినవానికి డూమ్‌ను పోలిన గోడలు ఏ స్మృతినీ మేల్కొలుపవు. ఇది మనకు కొఱత యని కొందఱు తలతురు. నేను మేలనియే చెప్పుదును. జ్ఞాపకమునకు సుంకము కట్టనక్కఱలేనివాడు శిల్పమును శిల్పముగా చూడగలడు. ఎల్లారెడ్డిలోని కుఱ్ఱవాని తీర్పు ఈ విషయమున దూరదేశపు అభిమానుల తీర్పుకంటె నిష్పక్షపాతమైనది.

అట్లయిన ఆ శిల్పము ఎందున్నది? డూమ్‌నే విప్పి చూతము. దాని యంత్రాంగమున ఒక గదిపై మఱియొక గదిని నిలుపు వీలు లేదు. ఆటగాడు తల యెత్తి చూడలేడు, దింపి చూడలేడు. శత్రువులు చదునైన బొమ్మలు. ఇన్ని కొఱతల నడుమ అది నేటికిని నిలుచుటకు కారణము, ప్రతి శత్రువును ఆటగానిని ఒక వేఱు ప్రశ్న యడుగుట. ఒకడు నిప్పుముద్దను విసరును. అది కంటికి కనబడుచు వచ్చును గనుక అడుగు ప్రక్కకు వేసి తప్పుకొనవచ్చును. ఇంకొకటి మీదికి ఉఱికి కఱచును. దానికి దూరము కావలెను. ఒకని గుండు ఇంకొకనికి తగిలెనా, వారిద్దఱు తమలో తాము కలహింతురు. నేర్పరి ఆ కలహమును తానే పుట్టించి తుపాకిగుండ్లను మిగుల్చుకొనును. ఎఱుపు, నీలము, పసుపు తాళపుచెవులు వెదకి తెచ్చుటలో, పోయిన త్రోవనే మరల వచ్చునప్పుడు ఆ త్రోవ మాఱియుండును. గోడ జాఱి క్రొత్త గుంపు వెలువడును. ఒక తుపాకి దొరకుటచే పాత తుపాకి వ్యర్థము కాదు. దేని సమయము దానిది. గుఱి కంటె నడక ముఖ్యము. గుండు కొట్టుట యందఱికిని వచ్చును. ఎచ్చట నిలువవలెనో తెలియుటయే విద్య.

నేటి అనుకర్తలలో పలువురు చదరపు చుక్కలను, ఎఱ్ఱని నెత్తుటి చిందులను, ఉరుమువంటి గిటారును పట్టుకొనిరి. ఈ నడకను విడిచిరి. కావున వెలను నిర్ణయించుటకు నేను వాడు కొలత యిది: ఒకే లెవెలును మూడవసారి ఆడునప్పుడు, మొదటిసారి చేయని పనిని చేయి తనంతట చేయుచున్నదా? చేయుచున్నచో అది ఎనిమిది గంటల యాటయైనను పూర్తి వెలకు తగును. లేనిచో ఎంత దీర్ఘమైనను సగము వెలకు సైతము ఆలోచింపవలసినదే.

ఈ కొలతతో చూచిన డస్క్ అగ్రస్థానమున నిలుచును. డేవిడ్ షిమాన్‌స్కీ అను నొక్క శిల్పి దీనిని చాలవఱకు తానొక్కడే నిర్మింపగా, న్యూ బ్లడ్ సంస్థ 2018 డిసెంబరు 10న, డూమ్ వెలువడిన ఇరువదియైదేండ్లకు సరిగా అదే దినమున, విడుదల చేసినది. ఒక నేలమాళిగలో, చేతులలో రెండు కొడవళ్లు మాత్రమే ఉండగా, ఱంపములు పట్టిన మువ్వురి నడుమ ఆట ప్రారంభమగును. ఉపదేశమేమియు లేదు, కదలినవాడే బ్రతుకును. పొలములలోను కొట్టములలోను మొదలైన కథ మూడవ కాండమునకు చేరునప్పటికి భూమ్యాకాశములు తలక్రిందులగు చోట్లకు పోవును. ఆండ్రూ హల్షల్ట్ సంగీతము నిశ్శబ్దమును కూడ వాద్యముగా వాడినది. బొమ్మలు మోటువే, అయినను ఒక్క గదియు వ్యర్థముగా లేదు.

అల్ట్రాకిల్ 2020 సెప్టెంబరునుండి అసంపూర్ణరూపముననే విక్రయమగుచున్నది. దాని సూత్రము ఒక్క వాక్యమున చెప్పవచ్చును: ఆరోగ్యము శత్రువుల రక్తమునుండియే వచ్చును, కావున గాయపడినవాడు పాఱిపోరాదు, దగ్గఱకు పోవలెను. ఈ ఒక్క సూత్రము భయమును ధైర్యముగా మార్చును. నాణెము నెగురవేసి దానిని కొట్టి గుండును త్రిప్పుట మొదలుగా అందు నేర్చుకొనదగిన విద్యలు పెక్కు. లెవెలు చివర వేగమునకు, నైపుణ్యమునకు శ్రేణి యిచ్చుటచే ఆటగాడు మరల మొదటికి పోవును. కాంట్రాను కంఠస్థము చేసినవారికి దీని స్వభావము వెంటనే తెలియును. అసంపూర్ణమైన యాటకు ముందుగా పైకము చెల్లింపవచ్చునా యన్నచో, ముగింపు ఎన్నడో వచ్చునను ఆశతో చెల్లింపరాదు. నేడున్నది నేటి వెలకు తగునా యని మాత్రమే చూడవలెను. ఇందున్నది తగును.

అమిడ్ ఈవిల్ 2019 నాటిది. తుపాకుల స్థానమున మంత్రాయుధములు. వానిలో నొకటి గ్రహములనే గుండ్లుగా విసరును. ఏడు కాండములకును వేఱు వేఱు వాస్తువు, వేఱు వేఱు శత్రుగణము, కంటికి పండుగయే. పరుగు మాత్రము డస్క్‌వలె బిగువు కాదు. అదే యేడు ఆగస్టులో వచ్చిన అయాన్ ఫ్యూరీ, కెన్ సిల్వర్‌మన్ డ్యూక్ న్యూకెమ్ కాలమున రచించిన బిల్డ్ యంత్రాంగముమీదనే కట్టబడినది. మూల మూలను దాచిన రహస్యస్థలములలో ఇంత ఓపిక గల శిల్పము నేటి యాటలలో అరుదు. చివరి భాగమున శత్రువులు విసుగు పుట్టింతురు. తగ్గింపు వెలకు నిస్సందేహముగా కొనదగినది.

ప్రొడియస్, బోల్ట్‌గన్ అనువానిని గుఱించి నా అభిప్రాయము కొంత కఠినము. ప్రొడియస్ 2022లో సంపూర్ణమైనది, చూపులకు మనోహరము, స్వయముగా లెవెళ్లు కట్టుకొను పనిముట్టు కూడ ఇచ్చినది. కాని అందు చచ్చినవాడు కొంత వెనుకనుండి మరల లేచి వచ్చును, చంపిన శత్రువులు చచ్చియే యుందురు. కావున మరణమునకు అర్థము లేకుండ పోయినది. ఐజీఐ చివరి కంచెవద్ద గుండె కొట్టుకొనుట నెఱిగినవారికి ఇది చప్పగా తోచును. 2023 నాటి బోల్ట్‌గన్‌లో తుపాకి బరువు, అడుగు బరువు అద్భుతములు. రెండవ భాగపు లెవెళ్లు మాత్రము ఒకదానినొకటి పోలిన బాటలలో త్రిప్పి అలయించును. ఈ రెండింటికిని సంవత్సరాంతపు తగ్గింపులవఱకు వేచియుండుట యుక్తము.

తగ్గింపుల మాట వచ్చినది గనుక అంగడి నియమములు చెప్పవలెను. స్టీమ్ అను విక్రయశాల 2015 నవంబరునుండి మన దేశమున రూపాయలలో ధరలు చూపుచున్నది. డాలరు మారకపు రేటునకు కొంత తగ్గించి ధర పెట్టుమని అది ప్రచురణకర్తలకు సూచించును గాని నిర్బంధింపదు. అందుచే ఒకే డాలరు వెల గల రెండాటలకు రూపాయలలో పెద్ద భేదము కనబడవచ్చును. ఆ భేదము ఆట మేలుకీళ్లకు గుఱుతు కాదు. 2015 జూనునుండి ఇంకొక నియమము కలదు: కొన్న పదునాలుగు దినములలోపల, ఆడిన కాలము రెండు గంటలు మీఱకున్నచో, సొమ్ము తిరిగి యిత్తురు. డూమ్ నాటి ఉచిత కాండమునకు ఇది వేఱొక రూపము. ఇరువది గంటల కథానాటకమును రెండు గంటలలో తీర్పుచెప్పుట కష్టము. రెట్రో షూటరును చెప్పవచ్చును. మొదటి లెవెలును ఒకసారి కాక మూడుసార్లు ఆడి చూడవలెను. అది తనను తాను బయటపెట్టుకొనును.

వెలను గుఱించి మాటలాడునప్పుడు ఫోనులలో ఉచితముగా దొరకు తుపాకియాటలతో పోల్చుట ఈ ప్రాంతమున తప్పదు. ఏలయన మన యువకులలో ఎక్కువమంది ఆడునవి అవియే. పబ్‌జీ మొబైల్ 2020 సెప్టెంబరు 2న నిషిద్ధమైనది. మఱుసటి యేడు బీజీఎంఐ పేర వచ్చి, 2022 జులైలో మరల ఆగి, 2023లో తిరిగి వచ్చినది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషిద్ధమైనది. ఈ యాటలు ప్రవేశమునకు రూపాయి యడుగవు. వేషములకు, తుపాకి రంగులకు, ఋతువు ఋతువునకు నూతనముగా అడుగుచుండును. అడిగినప్పుడెల్ల కొంచెమే గనుక ఎంత యిచ్చితిమో యెవరికిని లెక్క యుండదు. మిత్రులతో కూడి ఆడు సుఖము వానిలో కలదు, నేను కాదనను. కాని వానికి అంతము లేదు, సొంతమును కాదు. పందెపు సొమ్ముతో ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లోను, కేంద్రము 2025 ఆగస్టునాటి చట్టముతోను నిషేధించిన పిమ్మట, పైకము పెట్టు ప్రతి ఆటనూ అదే దృష్టితో చూచు తల్లిదండ్రులు ఉండుట సహజమే. ఒకమాఱు వెల చెల్లించి, ముగింపువఱకు ఆడి, ఇష్టమైనప్పుడు మరల తీయు ఆట వాని కోవకు చెందదని వారికి తెలియజెప్పవలెను. పుస్తకమును కొన్నట్లే దీనిని కొనుట.

ఇంకొక సౌకర్యము. ఈ యాటలలో తెలుగు లేదు. అయినను చదువవలసినది అత్యల్పము. తలుపు రంగు, తాళపుచెవి రంగు తెలిసిన చాలును. ఆంగ్లము ధారాళముగా రాని ఎల్లారెడ్డి బాలునికి నేటి పెద్ద పెద్ద కథల యాటలు సగము మూగవి. ఇవి సంపూర్ణముగా మాటలాడును. డస్క్ వంటివానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు నక్కఱలేదు, చదువునకై కొన్న సాధారణ ల్యాప్‌టాప్ చాలును.

అసలు ఏమియు వెచ్చింపక ఆడు మార్గమును దాచిపెట్టుట న్యాయము కాదు. డూమ్ మూలసంకేతమును 1997లోనే దాని కర్తలు లోకమునకు విడిచిరి. దానిమీద నడుచు ఫ్రీడూమ్ బొమ్మలతో, ధ్వనులతో సహా ధర్మముగా ఉచితము. డూమ్ కర్తలలో నొకడైన జాన్ రొమేరో 2019లో సిగిల్ అను తొమ్మిది లెవెళ్ల క్రొత్త కాండమును కూడ ఉచితముగా ఇచ్చినాడు. దానికి అసలు డూమ్ ఉండవలెను. ప్రపంచమంతట అభిమానులు కట్టిన లెవెళ్లు ఒక జీవితకాలమునకు చాలును. కావున క్రొత్త రెట్రో షూటరు వెల యడుగునప్పుడు, ఈ ఉచిత భాండాగారమున లేనిది తానేమి తెచ్చినదో చూపవలసిన భారము దానిదే. డస్క్ తన భయమును, అల్ట్రాకిల్ తన రక్తసూత్రమును చూపినవి. పలు యాటలు చూపలేకపోయినవి.

నన్ను అడిగినచో, డస్క్‌ను నేడే పూర్తి వెలకు కొనవచ్చును. అల్ట్రాకిల్‌ను, కఠినమైన యాటను సహింపగలవారు పూర్తి వెలకే కొనవచ్చును. అమిడ్ ఈవిల్, అయాన్ ఫ్యూరీలు సగము వెలకు వచ్చువఱకు ఆగవచ్చును. మొదటిసారి ఈ దారిలో అడుగిడువారు ఫ్రీడూమ్‌తో ఒక వారము గడిపి, నడక తమకు రుచించునో లేదో తెలిసికొనుట మంచిది. ల్యాప్‌టాప్ పలకపై వ్రేలు రాచి ఈ యాటలు ఆడుట మాత్రము సాధ్యము కాదు. మంచి మౌసొకటి కావలెను, దాని ఖరీదును ఆట ఖరీదుతో కలిపియే చూచుకొనవలెను.